పార్లమెంటుకు రాసిచ్చిన అధికారాలు, రాయకున్నా ఉండే అధికారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో న్యాయ రాజధాని గురించి, ఆదోని మార్కెట్ యార్డులో వ్యవసాయ చట్టాల గురించి, బేతంచెర్లలో గనుల పన్నుల గురించి కొన్నేళ్లుగా జరిగిన వాదనలన్నిటి అడుగున ఒకే ప్రశ్న ఉంది. రాజ్యాంగంలో పేరు పెట్టి రాయని పనిని చట్టసభ చేయవచ్చా? న్యాయశాస్త్ర విద్యార్థులు, గ్రూప్స్ పరీక్షలకు తయారవుతున్నవారు, రైతు సంఘాలవారు ఈ విషయంపై సాధారణంగా అడిగే ప్రశ్నలకు కింద జవాబులు ఉన్నాయి. కొన్నింటికి రెండు మాటలు చాలు, కొన్నింటికి చాలవు.

అసలు వివాదం ఏమిటి?

జాతీయ చట్టసభ ఏయే విషయాలపై చట్టాలు చేయవచ్చో రాజ్యాంగం వరసగా రాసిపెడితే అవి పేర్కొన్న అధికారాలు. వాటిని అమలులో పెట్టడానికి కావలసినవిగా వాటి లోపలి నుంచే వచ్చేవి అంతర్నిహిత అధికారాలు. సైన్యాన్ని ఏర్పాటు చేసే అధికారం రాసి ఉన్నప్పుడు సైనికులకు ఆసుపత్రి కట్టే అధికారాన్ని విడిగా రాయాలా అంటే అక్కర్లేదని అందరూ అంటారు. సైనికులకు బట్టలు కావాలి కనుక దేశంలోని పత్తి సాగునంతా అదుపులో పెట్టే అధికారమూ దాంతోపాటే వచ్చిందా అంటే ఎవరూ ఒప్పుకోరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడాలన్నదే తగాదా.

ఈ వాదన ఎక్కడ మొదలైంది?

అమెరికాలో. 1781 నుంచి అమలైన అక్కడి సమాఖ్య ఒడంబడిక, స్పష్టంగా అప్పగించిన అధికారాలు తప్ప కాంగ్రెసుకు, అంటే అక్కడి జాతీయ చట్టసభకు, మరేవీ లేవని చెప్పింది. పన్ను వేసే శక్తి కూడా లేని ఆ కాంగ్రెసు యుద్ధకాలపు అప్పులు తీర్చలేక చతికిలబడింది. 1787లో రాసిన రాజ్యాంగం మొదటి అధికరణ ఎనిమిదో సెక్షనులో కాంగ్రెసు అధికారాలను 18 క్లాజులలో పేర్కొని, ఆ చివరి క్లాజులో, పై అధికారాలను నెరవేర్చడానికి అవసరమైన, తగిన చట్టాలన్నిటినీ చేసుకోవచ్చని చేర్చింది. 1791లో వచ్చిన పదో సవరణ, కేంద్రానికి అప్పగించని అధికారాలు రాష్ట్రాలవి లేదా ప్రజలవి అని చెప్పింది గాని, పాత ఒడంబడికలో ఉన్న ‘స్పష్టంగా’ అన్న షరతును మళ్లీ పెట్టలేదు.

ఆ ఏడాదే జాతీయ బ్యాంకు బిల్లు వచ్చింది. బ్యాంకు పెట్టే అధికారం 18 క్లాజులలో ఎక్కడా లేదు. అది లేకుండా పని జరగదని రుజువైతే తప్ప దాన్ని అవసరం అనలేమని విదేశాంగ మంత్రి జెఫర్సన్ రాసి ఇచ్చాడు. పన్నులు వసూలు చేయడానికి, అప్పు తీసుకోవడానికి ఉపయోగపడే సాధనం కనుక బ్యాంకు చెల్లుతుందని ఆర్థిక మంత్రి హామిల్టన్ ఎదురు రాశాడు. అధ్యక్షుడు వాషింగ్టన్ ఇద్దరి అభిప్రాయాలూ చదివి 1791 ఫిబ్రవరి 25న బిల్లుపై సంతకం చేశాడు. ప్రతినిధుల సభలో ఆ బిల్లును గట్టిగా వ్యతిరేకించిన మాడిసనే అధ్యక్షుడయ్యాక, 1816లో, రెండో జాతీయ బ్యాంకు బిల్లుపై సంతకం పెట్టాడు. అధికారాల గురించి మనిషి ఏమంటాడన్నది అతను ఏ కుర్చీలో ఉన్నాడన్నదాని మీద కొంత ఆధారపడుతుందని దీన్నిబట్టి అనుకున్నా తప్పులేదు.

మెకల్లాక్ కేసులో కోర్టు సరిగ్గా ఏమి చెప్పింది?

రెండో జాతీయ బ్యాంకు బాల్టిమోర్ శాఖపై మేరీలాండ్ రాష్ట్రం పన్ను వేసింది. శాఖ క్యాషియరు జేమ్స్ మెకల్లాక్ కట్టనన్నాడు. 1819లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రెండు విషయాలు తేల్చాడు. లక్ష్యం రాజ్యాంగం పరిధిలోనిదై, దానికి తగినదై, రాజ్యాంగం నిషేధించనిదై ఉన్న సాధనాన్ని ఎంచుకునే స్వేచ్ఛ కాంగ్రెసుకు ఉంది కనుక బ్యాంకు చెల్లుతుందన్నది మొదటిది. పన్ను వేసే శక్తిలో నాశనం చేసే శక్తి కూడా ఉంది కనుక కేంద్ర సంస్థపై రాష్ట్రం పన్ను వేయరాదన్నది రెండోది.

పరీక్షల్లో చాలామంది మొదటి భాగం రాసి ఆపేస్తారు. కాంగ్రెసుకు కొత్త లక్ష్యాలను కల్పించుకునే హక్కు ఉందని మార్షల్ అనలేదు. రాసి ఉన్న లక్ష్యాన్ని చేరే దారిని ఎంచుకునే హక్కు మాత్రమే ఉందన్నాడు. ఆ తేడాను వదిలేస్తే తీర్పు తలకిందులవుతుంది.

అంటే అక్కడ కాంగ్రెసు ఏమైనా చేయగలదా?

ఒక దశలో అలాగే కనిపించింది. ఒహాయో రాష్ట్రంలో ఫిల్‌బర్న్ అనే రైతుకు 11.1 ఎకరాలలో గోధుమ వేసుకోవడానికి అనుమతి ఉండగా అతను 23 ఎకరాలలో వేశాడు. పండిన గోధుమలో కొంత అమ్మినా, మిగిలినది తన పశువులకు, కోళ్లకు, ఇంటి పిండికి, మళ్లీ విత్తనానికి వాడుకునేవాడు. రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని క్రమబద్ధం చేసే అధికారం కింద కాంగ్రెసు అతన్ని కూడా ఆపవచ్చని 1942లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఒక్క రైతు సొంత వాడకం చిన్నదే అయినా, అలాంటి రైతులందరినీ కలిపి లెక్కేస్తే దేశంలోని గోధుమ ధరపై ప్రభావం పడుతుందన్నది కోర్టు తర్కం. తింటానికి, విత్తనానికి అని ఇంట్లో నాలుగు మూటల బుడ్డలు (వేరుశనగ కాయలు) దాచుకునే మన పత్తికొండ రైతుకు ఈ తీర్పు చదివి వినిపిస్తే నమ్మడం కష్టం.

తరువాత కోర్టు కొంత వెనక్కి తగ్గింది. బడుల దగ్గర తుపాకి ఉంచుకోవడాన్ని నేరంగా చేసిన చట్టాన్ని వాణిజ్య అధికారం కింద నిలబెట్టలేమని 1995లో లోపెజ్ కేసులో కొట్టేసింది. అందరూ ఆరోగ్య బీమా కొనాల్సిందేనన్న ఆదేశాన్ని వాణిజ్య అధికారం గాని, 18వ క్లాజు గాని మోయలేవని 2012లో చెప్పి, దాన్ని పన్నుగా చూసి నిలబెట్టింది. పేర్కొన్న అధికారం ఒకటి దొరికింది కనుకనే ఆ చట్టం బతికింది.

మన రాజ్యాంగంలో 18వ క్లాజు వంటిది ఉందా?

లేదు. దాని అవసరం మనకు లేదన్నదే ఈ జవాబులన్నిటిలో ముఖ్యమైన మాట.

అమెరికా రాజ్యాంగం కేంద్రానికి మాత్రమే జాబితా ఇచ్చి, మిగిలినదంతా రాష్ట్రాలకు వదిలింది. అందువల్ల జాబితాలో లేని పని కేంద్రం చేయాలంటే జాబితాలోని ఏదో ఒక అధికారం లోపలి నుంచి దాన్ని బయటికి తీయక తప్పదు. మన ఏడో షెడ్యూలు అలా లేదు. 246వ అధికరణ కింద కేంద్రానికి ఒకటి, రాష్ట్రాలకు ఒకటి, ఇద్దరికీ కలిపి ఉమ్మడిగా ఒకటి, ఇలా మూడు జాబితాలు ఉన్నాయి. 1950 నాటికి వాటిలో వరసగా 97, 66, 47 ఎంట్రీలు, అంటే అంశాలు, ఉండేవి. వీటిలో దేనిలోనూ లేని విషయం 248వ అధికరణ ప్రకారం, కేంద్ర జాబితా 97వ ఎంట్రీ ప్రకారం పార్లమెంటుకే చెందుతుంది. వీటినే అవశిష్ట అధికారాలు అంటారు. బ్రిటిషు కాలపు 1935 భారత ప్రభుత్వ చట్టంలో ఈ మిగులును ఎవరికివ్వాలో తేల్చలేక గవర్నర్ జనరల్ విచక్షణకు వదిలారు. 1950లో ఆ సందిగ్ధం పోయింది.

అమెరికాలో మార్షల్ తీర్పు కష్టపడి సంపాదించి పెట్టినదాన్ని మన పార్లమెంటుకు రాజ్యాంగమే రాసి చేతిలో పెట్టింది. అందుచేత మెకల్లాక్ తీర్పును తెచ్చి పార్లమెంటు అధికారాన్ని ఇంకా విస్తరించాలని వాదించేవారు, ఉన్న ఆస్తికి తోడు పక్కవాడి గట్టు కూడా జరపమంటున్నట్టే. మన దగ్గర అసలు ప్రశ్న, ఒక చట్టం ఏ ఎంట్రీ కిందకు వస్తుంది, ఆ ఎంట్రీ ఎంత దూరం సాగుతుంది అన్నదే.

అయితే భారతదేశంలో అంతర్నిహిత అధికారాలు లేవా?

ఉన్నాయి, వేరే రూపంలో. ప్రతి ఎంట్రీలోనూ దానికి ఆనుకుని ఉన్న అనుబంధ విషయాలు కలిసే ఉంటాయని కోర్టులు మొదటి నుంచీ చెబుతున్నాయి. ఈ సూత్రానికి మూలం 1940లో ఫెడరల్ కోర్టు (స్వాతంత్ర్యానికి ముందు దేశంలోని పై కోర్టు) చెప్పిన అతీకా బేగం తీర్పు. ఆర్థిక మాంద్యంలో సంయుక్త ప్రాంతాల (నేటి ఉత్తరప్రదేశ్) ప్రభుత్వం కౌలుదార్లకు కౌలు తగ్గించింది. ఆ తగ్గింపులకు చట్టబద్ధత కల్పిస్తూ తరువాత ఒక చట్టం చేసింది. ప్రావిన్సు జాబితాలో కౌళ్ల వసూలు అని ఉంది గాని కౌళ్ల మాఫీ అని లేదు కదా అన్నది భూస్వామి వాదన. జాబితాలోని మాటలను ఇరుకుగా చదవకూడదని, ఒక్కో మాటలో న్యాయంగా ఇమిడే అనుబంధ విషయాలన్నీ కలిసే ఉంటాయని ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ తీర్పు ఇచ్చారు. వసూలు చేసే అధికారంలోనే వదిలేసే అధికారమూ ఉంది. వానలు లేని ఏడు శిస్తు వాయిదా కోసం, మాఫీ కోసం కలెక్టరాఫీసు చుట్టూ తిరిగిన అనంతపురం రైతులకు ఈ తర్కం వివరించి చెప్పనక్కర్లేదు.

గమనించవలసింది ఏమిటంటే ఈ తీర్పు కేంద్రం చేసిన చట్టాన్ని కాదు, ఒక ప్రావిన్సు చట్టాన్ని నిలబెట్టింది.

అంటే ఈ సూత్రం రాష్ట్రాలకూ వర్తిస్తుందా?

సమానంగా వర్తిస్తుంది. బెంగాల్ వడ్డీ వ్యాపారుల చట్టం ప్రామిసరీ నోట్ల జోలికి వచ్చింది. ప్రామిసరీ నోట్లు కేంద్ర విషయం. అయినా చట్టం అసలు సారం వడ్డీ వ్యాపారమే కనుక, నోట్లను తాకడం దారిలో జరిగినది మాత్రమే కనుక చెల్లుతుందని 1947లో, అప్పట్లో లండన్‌లో ఉన్న తుది అప్పీలు కోర్టు ప్రివీ కౌన్సిల్ చెప్పింది. 2024 అక్టోబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, రాష్ట్ర జాబితా 8వ ఎంట్రీలోని మత్తు పానీయాలు అన్న మాటలో పారిశ్రామిక ఆల్కహాలు కూడా చేరుతుందని 8:1 మెజారిటీతో తీర్పు ఇచ్చి, 1989 నాటి వ్యతిరేక తీర్పును తోసిపుచ్చింది.

అంతర్నిహిత అధికారాలు అనగానే కేంద్రం చేయి పొడవవుతుందని అనుకోవడం అమెరికా పుస్తకాలు చదివిన అలవాటు. మన దగ్గర ఆ సూత్రం రెండు వైపులా పనిచేస్తుంది.

దేన్ని మాత్రం ఇలా లోపలి నుంచి తీయడానికి వీల్లేదు?

పన్నును. మన రాజ్యాంగ న్యాయంలో ఇంత గట్టిగా నిలిచిన గీతలు తక్కువ. ఈ గీత గీసిన కేసు ఆంధ్ర రాష్ట్రానిదే కావడం విశేషం.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రం, మద్రాసు నూలు వ్యాపారులు ఇక్కడి వర్తకులకు అమ్మిన నూలుపై అమ్మకం పన్ను వేయబోయింది. ఆ వివాదంలో 1958లో వచ్చిన సుందరరామియర్ తీర్పులో జస్టిస్ వెంకటరామ అయ్యర్ జాబితాల కూర్పును దగ్గర నుంచి పరిశీలించారు. కేంద్ర జాబితాలో 82వ ఎంట్రీ నుంచి, రాష్ట్ర జాబితాలో 45 నుంచి 63 వరకు పన్నుల ఎంట్రీలు విడిగా ఉన్నాయి. వాటికి ముందున్నవి నియంత్రణ విషయాలు. పన్నులను ఇలా వేరుగా రాసిపెట్టిన తరువాత, ఒక విషయాన్ని నియంత్రించే అధికారంలోనే దానిపై పన్ను వేసే అధికారం కూడా ఉందని అనలేమన్నది ఆ తీర్పు సారం.

1964లో వచ్చిన అబ్దుల్ ఖాదర్ కేసు మరో అడుగు వేసింది. తమలపాకులు అమ్మే వ్యాపారి కొనుగోలుదార్ల నుంచి అమ్మకం పన్ను పేరుతో డబ్బు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టలేదు. చట్టప్రకారం రావలసిన పన్ను కాకపోయినా, పన్ను పేరుతో వసూలు చేసిన సొమ్మంతా ప్రభుత్వానికి కట్టాలని హైదరాబాదు అమ్మకం పన్ను చట్టం అంటోంది. పన్ను ఎగవేతను ఆపడం పన్ను అధికారానికి అనుబంధమే గాని, పన్ను కానిదాన్ని పన్నులా రాబట్టడం అనుబంధం కాదని సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. వ్యాపారి దగ్గర న్యాయం లేదని తెలిసి కూడా గీత దాటనివ్వలేదు కనుక, అనుబంధ అధికారానికి హద్దు ఎక్కడుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

గనుల సంగతి ఏమిటి? నాపరాళ్లపై కట్టేది ఎవరి పన్ను?

బేతంచెర్ల నుంచి నాపరాళ్ల లోడు ఎత్తుకుని బయలుదేరే లారీ క్యాబిన్‌లో ఉండే కాగితాలను చూస్తే ఏడో షెడ్యూలు సగం అర్థమవుతుంది. గనుల శాఖ పర్మిటు ఒకటి: దాని వెనక కట్టిన సీనరేజి, అంటే రాయి తీసినందుకు ప్రభుత్వానికి చెల్లించే రుసుము, ఉంది. అది రాష్ట్ర నియమాల ప్రకారం వసూలైనా, ఆ నియమాలు చేసే అధికారం పార్లమెంటు 1957లో చేసిన గనుల చట్టం 15వ సెక్షను ఇచ్చినది. జీఎస్టీ బిల్లు మరొకటి: 2016 నాటి 101వ సవరణ తెచ్చిన 246ఎ అధికరణ కింద కేంద్ర, రాష్ట్రాలు రెండూ వేసే పన్ను అది. బండి పన్ను కట్టిన కాగితం మూడోది: రాష్ట్ర జాబితా 57వ ఎంట్రీ. ఒకే లోడు, మూడు వేరు వేరు అధికారాలు. వీటిలో ఏదీ ఇంకోదాని లోపలి నుంచి ఊడిపడలేదు. ప్రతిదానికీ రాసి ఉన్న ఆధారం ఉంది.

సీనరేజి, రాయల్టీ వంటివి పన్నులా కావా అన్న తగాదా చాలాకాలం నడిచింది. రాయల్టీ కూడా పన్నేనని 1989లో ఇండియా సిమెంట్ కేసులో చెప్పడంతో, గనులపై రాష్ట్రాలు విడిగా పన్ను వేయడానికి అడ్డుపడింది. 2024 జులై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8:1 మెజారిటీతో ఆ తీర్పును తోసిపుచ్చింది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్ర జాబితా 50వ ఎంట్రీ ప్రకారం రాష్ట్రాలదేనని, గనుల నియంత్రణకు సంబంధించిన కేంద్ర జాబితా 54వ ఎంట్రీలోంచి పన్ను అధికారాన్ని పార్లమెంటు తీసుకోలేదని తేల్చింది. ఆ తీర్పు తర్కం వెనక 1958 నాటి నూలు కేసే ఉంది. అయితే 50వ ఎంట్రీలోనే ఒక కొక్కెం ఉంది: ఖనిజాభివృద్ధి కోసం పార్లమెంటు చట్టం చేసి రాష్ట్రాల ఆ పన్ను అధికారానికి పరిమితులు పెట్టవచ్చు. రాష్ట్రాలు గెలిచాయని సంబరపడేవారు ఆ వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదవాలి.

తుమ్మలపల్లె యురేనియం కూడా ఇదే కోవలోకి వస్తుందా?

రాదు. అణుశక్తి, దాని ఉత్పత్తికి కావలసిన ఖనిజాలు కేంద్ర జాబితా 6వ ఎంట్రీలో పేరు పెట్టి రాసి ఉన్నాయి. కడప జిల్లాలో ఆ గనిపై జరిగే వాదనలు నీరు, నేల, ఆరోగ్యం, పరిహారం గురించినవి. అధికారం ఎవరిదన్నదానిపై కాదు.

2020 వ్యవసాయ చట్టాలు పార్లమెంటు పరిధిలోనివేనా?

సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు జవాబు చెప్పకముందే చట్టాలు పోయాయి. 2021 జనవరిలో కోర్టు వాటి అమలును ఆపింది. ఆ ఏడాది నవంబరు చివర పార్లమెంటు రద్దు చేసింది. కనుక ఇక్కడ చెప్పేది అభిప్రాయమే.

వ్యవసాయం రాష్ట్ర జాబితా 14వ ఎంట్రీ. సంతలు, మార్కెట్లు 28వ ఎంట్రీ. కేంద్రం వీటి జోలికి పోలేదని, ఉమ్మడి జాబితా 33వ ఎంట్రీపైనే నిలబడ్డామని అంది. 1954లో మూడో సవరణ ద్వారా విస్తరించిన ఆ ఎంట్రీని చదివితే ఆదోని పట్టణం కళ్ల ముందు కనబడుతుంది: తినే నూనెగింజలు, నూనెలు, పశువుల మేత, అందులో భాగంగా గానుగ చెక్క, జిన్నింగు చేసిన పత్తి, చేయని పత్తి, పత్తి గింజలు. వీటి వ్యాపారం, ఉత్పత్తి, సరఫరా, పంపిణీ అన్నీ ఉమ్మడి విషయాలు. ఆదోని యార్డులో వేలానికి వచ్చే సరుకులో ఎక్కువ భాగం ఆ ఒక్క ఎంట్రీలో ఉంది.

సరుకుల వ్యాపారంపై కేంద్రానికి అధికారం ఉందన్నది స్పష్టం. కాని సరుకు అమ్ముడయ్యే యార్డు, దాని కమిటీ, అక్కడి సెస్సు 28వ ఎంట్రీవి. 2020 చట్టం యార్డు బయట అమ్మకాలపై రాష్ట్రాలు మార్కెట్ ఫీజు వేయరాదని అంది. వ్యాపారం అన్న మాటలోంచి అంత దూరం రావచ్చా? పొగాకు వ్యాపారంలో ఇలాంటి గొడవే వచ్చినప్పుడు, పొగాకు పరిశ్రమపై కేంద్రానికున్న అధికారం ముడి పొగాకు అమ్మకాలపై రాష్ట్రానికున్న మార్కెట్ అధికారాన్ని మింగేయలేదని 2002లో ఐటీసీ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు 3:2తో చెప్పారు. ఆ తర్కం ప్రకారం చూస్తే, యార్డు బయటి ఫీజును రద్దు చేసిన నిబంధన నిలబడటం కష్టమయ్యేదని నా అంచనా. మిగతా నిబంధనలు నిలబడి ఉండవచ్చు.

తుంగభద్ర బోర్డుకు అధికారం ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది చాలామందికి తట్టని మంచి ప్రశ్న. కొత్త రాష్ట్రాలు ఏర్పాటు చేసే అధికారం 3వ అధికరణలో ఉంది. అలా చేసే చట్టంలో అనుబంధంగా, సందర్భానుసారంగా, పర్యవసానంగా కావలసిన నిబంధనలు పెట్టుకోవచ్చని 4వ అధికరణ అంటుంది. మన రాజ్యాంగంలో 18వ క్లాజుకు దగ్గరగా వచ్చేది ఇదే.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో 11 జిల్లాలతోపాటు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు చేరాయి. బళ్లారి మైసూరుకు పోయింది. ఆనకట్ట ఒక రాష్ట్రంలో, కాలువల కింది భూములు మరో రాష్ట్రంలో పడ్డాయి. ఆ చిక్కు తీర్చడానికి ఆంధ్ర రాష్ట్ర చట్టం 66వ సెక్షను కింద తుంగభద్ర బోర్డు వచ్చింది. ఈనాటికీ ఎగువ కాలువలో అనంతపురానికి ఎన్ని క్యూసెక్కులు వదలాలన్న లెక్క ఆ బోర్డు దగ్గరే తేలుతుంది. రాష్ట్రాన్ని విడదీసే అధికారంలోంచి నీళ్లు పంచే బోర్డు పుట్టింది. విడదీసిన తరువాత నీళ్లు పంచక తప్పదు కనుక దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. 2014 పునర్విభజన చట్టం 85వ సెక్షను కింద వచ్చిన కృష్ణా, గోదావరి బోర్డులూ ఈ కోవలోవే.

ఈ అనుబంధ అధికారానికి కూడా హద్దు ఉంది. రాజ్యాంగ చట్రాన్నే తోసిపుచ్చే నిబంధనలను దాని కింద చేయరాదని 1966లో మంగళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రాష్ట్ర రాజధానిని నిర్ణయించే అధికారం ఎవరిది?

మూడు జాబితాల్లో రాష్ట్ర రాజధాని అన్న ఎంట్రీ లేదు. అందుకే ఈ ప్రశ్న ఇంత పదునైనది.

కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక రాజధాని గాని హైకోర్టు గాని రాయలసీమకు రావాలని అంగీకరించింది; 1953లో కర్నూలు రాజధాని అయింది, 1954లో హైకోర్టు గుంటూరులో వెలిసింది. 1956లో రాజధాని హైదరాబాదుకు పోయింది. 2014 చట్టం 5వ సెక్షను పదేళ్లకు మించకుండా హైదరాబాదును ఉమ్మడి రాజధాని చేసి, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రాజధాని ఉంటుందని చెప్పింది. 2020లో రాష్ట్ర శాసనసభ వికేంద్రీకరణ చట్టం చేసి కర్నూలును న్యాయ రాజధాని అంది. ఆ విచారణలో రాజధాని రాష్ట్రం నిర్ణయించుకునే విషయమని కేంద్ర హోం శాఖ హైకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. 2021 నవంబరులో రాష్ట్రం ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది. అయినా 2022 మార్చి 3న ముగ్గురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం, రాజధానిని మార్చే, విడగొట్టే చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదని, అది 4వ అధికరణ కింద పార్లమెంటుదని తీర్పు ఇచ్చింది. ఆ నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పులోని గడువుల ఆదేశాలపై స్టే ఇచ్చింది.

ఇక్కడ రెండు అంతర్నిహిత అధికారాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారంలో దాని రాజధానిని ఏర్పాటు చేసే అధికారం కూడా ఉందన్నది ఒకటి. శాసనసభ, మంత్రిమండలి ఉన్న రాష్ట్రానికి తన కార్యాలయాలు ఎక్కడ ఉండాలో తేల్చుకునే అధికారం దాని ఉనికిలోనే ఉందన్నది రెండోది. రాష్ట్రం ఏర్పడిన నాడు ఒక ఊరు చూపించడం విభజనకు అనుబంధమే; ఆ పని అయిపోయాక దశాబ్దాల తరువాత చేసే మార్పును కూడా విభజనకు అనుబంధం అనడం ఆ మాటను దాని శక్తికి మించి సాగదీయడమే. ఈ ఒక్క విషయంలో హైకోర్టు తీర్పుకంటే కేంద్రం ఇచ్చిన అఫిడవిటే రాజ్యాంగానికి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. కర్నూలుకు రాజధాని రావాలా వద్దా అన్నదానికి, దాన్ని ఎవరు తేల్చాలన్నదానికి సంబంధం లేదు. మన జిల్లాలో జరిగే చర్చల్లో ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోతాయి.

మరి కర్నూలులో హైకోర్టు బెంచికి శాసనసభ తీర్మానం చాలదా?

చాలదు. హైకోర్టుల ఏర్పాటు కేంద్ర జాబితా 78వ ఎంట్రీ. ప్రధాన పీఠం ఎక్కడో రాష్ట్రపతి నోటిఫై చేస్తారు. 2019 జనవరి 1 నుంచి అది అమరావతి. 2014 చట్టం 31వ సెక్షను ప్రకారం ప్రధాన న్యాయమూర్తి, గవర్నరు ఆమోదంతో, ఇతర చోట్ల కూడా న్యాయమూర్తులు కూర్చునే ఏర్పాటు చేయవచ్చు. 2024లో శాసనసభ చేసిన తీర్మానం రాష్ట్రం కోరికను తెలుపుతుంది. దానికి రాజకీయంగా బలం ఉంటుంది, చట్టబలం ఉండదు. ఇక్కడ అంతర్నిహిత అధికారాల వాదనకు చోటే లేదు, ఎందుకంటే దారి రాసి ఉంది.

అవశిష్ట అధికారాన్ని పార్లమెంటు దుర్వినియోగం చేసిందని అంటారు, నిజమా?

దుర్వినియోగం అనను గాని ఒక తీర్పు ఇప్పటికీ మింగుడుపడదు. సంపద పన్నుకు సంబంధించిన కేంద్ర జాబితా 86వ ఎంట్రీ వ్యవసాయ భూమిని మినహాయించి రాసి ఉంది. అయినా వ్యవసాయ భూమి విలువను కూడా కలిపి సంపద పన్ను వేయవచ్చని, 97వ ఎంట్రీ ఉంది కనుక సరిపోతుందని 1971లో ధిల్లాన్ కేసులో 4:3 మెజారిటీ చెప్పింది. ఒక ఎంట్రీలో వద్దని రాసినదాన్ని మిగులు ఎంట్రీలోంచి తెచ్చుకోవచ్చు అంటే మినహాయింపు రాసి ప్రయోజనం ఏమిటి? ముగ్గురు న్యాయమూర్తుల భిన్నాభిప్రాయమే సరైనదని నమ్మేవారిలో నేనూ ఒకణ్ని. 1994లో సేవా పన్ను కూడా ఈ మిగులు అధికారం మీదే వచ్చింది. దానికి అలాంటి అడ్డు లేదు.

అంతర్జాతీయ ఒప్పందాల పేరుతో రాష్ట్ర విషయాలపై చట్టం చేయవచ్చా?

చేయవచ్చు. 253వ అధికరణ ఆ మాట స్పష్టంగా రాసింది. 1972 స్టాక్‌హోం సదస్సును పీఠికలో ప్రస్తావించి 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం చేశారు. ఇది రాసి ఉన్న అధికారమే. రాష్ట్రాలకు దీనివల్ల తగ్గేది మాత్రం చాలా ఎక్కువ.

అధికారాలు అంతర్నిహితంగా ఉన్నట్టే హద్దులు కూడా ఉంటాయా?

ఉంటాయని 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో 13 మందిలో ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీ తీర్పు నిలబెట్టింది. రాజ్యాంగాన్ని సవరించే 368వ అధికరణలో మౌలిక స్వరూపం అన్న మాటే లేదు. సవరించే అధికారంలో ధ్వంసం చేసే అధికారం లేదని కోర్టు చదివింది. రాయని అధికారాన్ని ఒప్పుకోని వారిలో చాలామంది రాయని హద్దును ఇష్టంగా ఒప్పుకుంటారు. ఈ రెండు వైఖరులకూ పొసగదని అనేవారి విమర్శలో కొంత బలం ఉంది.

పరీక్షలో ఈ విషయంపై ప్రశ్న వస్తే విద్యార్థులు ఎక్కువగా చేసే తప్పులు ఏమిటి?

మెకల్లాక్ తీర్పును భారత చట్టంగా రాయడం ఒకటి. అనుబంధ అధికారాన్ని, అవశిష్ట అధికారాన్ని ఒకటిగా చూడటం రెండోది: మొదటిది రాసి ఉన్న ఎంట్రీ లోపలిది, రెండోది ఏ ఎంట్రీలోనూ లేనిది. జాబితా మారినా పాత స్థానం రాయడం మూడోది; 1976లో 42వ సవరణ చదువు, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, కింది కోర్టుల నిర్వహణలను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చిందని చాలామంది మరచిపోతారు. అతీకా బేగం తీర్పును రెండు వాక్యాల్లో చెప్పి, దానికి హద్దుగా అబ్దుల్ ఖాదర్ తీర్పును పక్కన పెట్టి, పన్ను విషయంలో సుందరరామియర్ నుంచి 2024 గనుల తీర్పు వరకు సాగిన దారిని చూపగలిగితే పది మార్కుల జవాబుకు అది చాలు. మెకల్లాక్‌కు చివర ఒక పేరా ఇవ్వండి.